మా పాప రిపోర్టులో ఒక్క అంకె కూడా బోల్డులో లేదు

కర్ణాటక ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ పెద్దలకు, బెంగళూరులో పసిబిడ్డల రక్తం పరీక్షించే ల్యాబుల యజమానులకు,

నమస్కారం.

పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేని బిడ్డల్ని ముందే కనిపెట్టే పరీక్ష పెట్టమని అడిగే ఈ ఉత్తరాన్ని ముందు కన్నడలో రాసి మీ ఆఫీసుకి రిజిస్టర్ పోస్టులో పంపాను. రసీదు నా దగ్గరుంది. ఇప్పుడు తెలుగులో, అందరూ చూసేలా రాస్తున్నదానికి కారణం ఒకటే. ఈ ఊళ్ళో కాన్పుల వార్డు బయట బెంచీ మీద ఒక గంట కూర్చుంటే చెవిన పడే మాటల్లో తెలుగు తక్కువేం కాదు. మడకశిర, హిందూపురం, బాగేపల్లి, చింతామణి, ముళబాగిలు వైపు నుంచి వచ్చి ఇక్కడ బతుకుతున్నవాళ్ళం చాలామందిమి ఉన్నాం. మీరు చదవకపోయినా వాళ్ళు చదువుతారు. చదివి మిమ్మల్ని అడుగుతారు.

నేను సుల్తాన్‌పేటలో పెండ్లి పత్రికలు అచ్చేసే షాపులో డీటీపీ చేస్తాను. ఇరవై రెండేండ్లయింది. కన్నడ, తెలుగు, ఇంగ్లీషు మూడూ కొడతాను, మూడింటికీ ప్రూఫు నేనే చూస్తాను. చి.ల.సౌ. దగ్గర ఒక చుక్క తగ్గినా, పోయిన తాత పేరు ముందు కీ.శే. పడకపోయినా, బతికున్న తాతకి పడినా నా కంట్లో ముల్లులా గుచ్చుకుంటుంది. ఆ కళ్ళతోనే 2016 మే నెలలో మా పెద్దపాప రక్తపరీక్ష కాగితం చదివాను. ఆస్పత్రి వరండాలో కూర్చుని రాత్రంతా మళ్ళీ మళ్ళీ చదివాను. తప్పేమీ కనబడలేదు.

ఆ కాగితం ఇప్పటికీ ఉంది. తెల్లకణాలు 5,200. పక్కన ఉండాల్సిన కొలత 4,000 నుంచి 11,000. తెల్లకణాల్లో ఒక రకమైన లింఫోసైట్లు 22 శాతం. పక్కన 20 నుంచి 40. తేడా ఉన్న అంకెని బోల్డులో వేయడం ల్యాబుల పద్ధతి. ఏదీ బోల్డులో లేదు. డ్యూటీ డాక్టరు చూశాడు, నర్సమ్మ చూసింది, నేను చూశాను. "రక్తంలో పెద్దగా ఏం లేదు, న్యుమోనియాకి మందు మారుద్దాం" అన్నారు. పాపకి అప్పుడు నాలుగు నెలలు దాటి పది రోజులు. జూన్ మొదటివారంలో పోయింది.

మూడేండ్ల తర్వాత ఇంకో ఆస్పత్రిలో ఒక పిల్లల డాక్టరమ్మ అదే కాగితం చేతిలోకి తీసుకుని ఫోనులో క్యాలిక్యులేటర్ తెరిచింది. 5,200లో 22 శాతం. 1,144. కాసేపు ఏం మాట్లాడలేదు. "ఈ పక్కనున్న కొలత పెద్దవాళ్ళది నాయనా. నాలుగు నెలల బిడ్డకి తెల్లకణాల్లో సగానికి పైన లింఫోసైట్లే ఉండాలి. లెక్కకి నాలుగు వేలకి తగ్గకూడదు. మూడు వేల లోపు కనబడితే మేం అక్కడే ఆగిపోతాం" అంది.

రిపోర్టులో అంకె తప్పు కాదు. దాని పక్కన అచ్చయిన కొలత తప్పు. బిడ్డ కాగితం మీద నాన్న కొలత పడింది.

ఇక్కడ నా సంగతి కూడా ఒకటి చెప్పుకోవాలి. పెండ్లి సీజను లేని నెలల్లో మా షాపుకి బిల్లు బుక్కులు, లెటర్‌హెడ్లు, చిన్న ల్యాబుల రిపోర్టు ఫారాలు వస్తాయి. యజమాని పాత ఫారం ఒకటి తెచ్చి ఇస్తాడు, "ఫోన్ నంబర్ మార్చు, మిగతాది ఉన్నదున్నట్టు ఐదు వేలు కొట్టు" అంటాడు. లింఫోసైట్స్ 20–40 అని ఈ చేతులతో ఎన్ని వేల కాగితాల మీద కొట్టానో. ఎవరికి కొలత అని ఒక్కరోజూ అడగలేదు. అందుకే ఈ ఉత్తరం మీకు రాసినట్టే నాకూ రాసుకుంటున్నాను అనుకోండి.

మా పాపకి వచ్చినదాన్ని డాక్టర్లు స్కిడ్ అంటారు. పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేకపోవడం. తక్కువగా ఉండటం కాదు, అసలు లేకపోవడం. ఒంట్లోకి వచ్చిన క్రిమి మీద యుద్ధం నడిపించేవి టీ కణాలు, ఆ లింఫోసైట్లలోనే ఒక రకం. అవి తయారు కావు, కాబట్టి మిగతావి ఉన్నా ఏ పనీ జరగదు. ఇందులో మోసం ఏమిటంటే పుట్టినప్పుడు బిడ్డ బొద్దుగా, చక్కగా ఉంటుంది. మా పాప మూడు కిలోల నూరు గ్రాములు. కడుపులో ఉండగా తల్లి రక్తం నుంచి వచ్చిన యాంటీబాడీలు కొన్ని నెలలు కాపు కాస్తాయి. అవి కరిగిపోయే కొద్దీ లోపల ఏమీ లేదని బయటపడుతుంది. మూడో నెలలో నోటిపూత వచ్చింది, ఎన్ని మందులు పూసినా పోలేదు. తర్వాత ఆగని బేదులు. బరువు నిలిచిపోయింది. ఎడమ చంకలో నిమ్మకాయంత గడ్డ. మా అవ్వ దిష్టి అంది. మా అత్త బాలారిష్టం అంది, మడకశిర నుంచి తాయెత్తు తెప్పించింది. వాళ్ళని నేనేమీ అనను. చదువుకున్నవాళ్ళం అంతమందిమి ఉండి మేం చెప్పింది మాత్రం ఏముంది, 'పళ్ళు వచ్చే ముందు ఇట్లాగే ఉంటుంది' అనే కదా.

ఆ చంకలో గడ్డ గురించి తర్వాత తెలిసింది. పుట్టిన మరునాడు ఎడమ భుజానికి బీసీజీ వేశారు. అది చచ్చిన క్రిమితో చేసే టీకా కాదు, బలం తగ్గించిన బతికున్న క్రిమితో చేసేది. మామూలు బిడ్డకి అది మేలు చేస్తుంది. స్కిడ్ బిడ్డకి ఆ క్రిమే ఒళ్ళంతా పాకుతుంది. నోట్లో వేసే పోలియో చుక్కలూ అంతే, ఆరో వారంలో మొదలుపెట్టే రోటావైరస్ చుక్కలూ అంతే. అన్నీ బతికున్నవే. రక్తం ఎక్కించాల్సి వచ్చినా రేడియేషన్ పెట్టిన రక్తమే ఎక్కించాలి, లేకపోతే ఎక్కించిన రక్తంలోని కణాలే బిడ్డ మీద పడతాయి. ఇవన్నీ మా పాపకి ఎవరో చెడు చేద్దామని చేసినవి కావు. అందరూ చేయాల్సిన పని చేశారు. ఈ బిడ్డ వేరు అని చెప్పే కాగితం మాత్రం వాళ్ళ చేతిలో లేదు.

ఆ కాగితం ఇచ్చే పరీక్ష ఒకటుంది, దాని గురించే ఈ ఉత్తరం.

పుట్టిన రెండు మూడు రోజులకి బిడ్డ మడమ మీద చిన్నగా గుచ్చి, నాలుగైదు చుక్కల రక్తం అద్దుడు కాగితంలాంటి మందపాటి కార్డు మీద పట్టి ఆరబెడతారు. థైరాయిడ్ లోపం కనిపెట్టడానికి ఈ ఊళ్ళో చాలా ఆస్పత్రుల్లో ఇప్పటికే ఇట్లా తీస్తున్నారు. అదే కార్డులోంచి సూదిబెజ్జమంత ముక్క కోసి టీ కణాలున్నాయా లేదా చూడొచ్చు. ట్రెక్ పరీక్ష అంటారు.

అది ఎట్లా పని చేస్తుందో డాక్టరమ్మ చెప్పినప్పుడు నాకు మా కటింగ్ మిషన్ గుర్తొచ్చింది. రొమ్ము ఎముక వెనక థైమస్ అని ఒక గ్రంథి ఉంది. టీ కణాలు అక్కడ తయారవుతాయి. ఒక్కో కణం తనకంటూ ఒక గుర్తుపట్టే పరికరం తయారు చేసుకోవడానికి డీఎన్‌ఏని ఒకచోట కత్తిరించి, మళ్ళీ అతికించుకుంటుంది. కత్తిరించిన ముక్క పారేయబడకుండా ఉంగరంలా చుట్టుకుని కణంలోనే ఉండిపోతుంది. కణం రెండుగా చీలినా ఆ ఉంగరం రెండు కాదు. కాబట్టి రక్తపు చుక్కలో ఉంగరాలెన్ని ఉన్నాయో లెక్కపెడితే థైమస్ నుంచి కొత్త కణాలు ఏపాటి వస్తున్నాయో తెలిసిపోతుంది. మా షాపులో సాయంత్రం కటింగ్ మిషన్ కింద పడిన కాగితపు పేలికలు చూస్తే ఆ రోజు ఎన్ని పత్రికలు కోశారో చెప్పొచ్చు. పేలికలే లేవంటే ఆ రోజు మిషన్ నడవలేదు. మా పాప థైమస్ ఒక్కరోజు కూడా నడవలేదు.

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం 2008లో పుట్టిన ప్రతి బిడ్డకీ ఈ పరీక్ష చేయడం మొదలుపెట్టింది. 2018 చివరికి అక్కడ అన్ని రాష్ట్రాల్లోనూ వచ్చింది. ముప్ఫై లక్షల మంది బిడ్డల లెక్క తీస్తే 58,000 మందిలో ఒకరికి ఈ జబ్బు తేలింది. అంతకు ముందు లక్షకి ఒకరు అనుకునేవారట. మిగతా బిడ్డలు పేరు తెలియకుండానే న్యుమోనియా అని, బేదులని పోయారు. జబ్బు అరుదు అనుకున్నారు గానీ, కనిపెట్టడం అరుదు. ముందే కనిపెడితే ఎంత తేడా వస్తుందో 2014లో అచ్చయిన ఇంకో లెక్క చెప్తుంది. ఈ జబ్బుకి చికిత్స మూలకణ మార్పిడి, అంటే ఇంకొకరి మూలకణాలు బిడ్డకి ఎక్కించడం. అది చేయించుకున్న 240 మంది బిడ్డల్ని చూశారు. మూడున్నర నెలల లోపు జరిగినవాళ్ళలో ఐదేండ్ల తర్వాత నూటికి 94 మంది బతికున్నారు. ఆ వయసు దాటి, ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉండగా చేయించుకున్నవాళ్ళలో సగం మందే. అదే జబ్బు, అదే చికిత్స. తేడా అంతా తేదీలోనే ఉంది. పెండ్లి పత్రికలు అచ్చేసేవాడికి తేదీ విలువ ఒకరు చెప్పక్కర్లేదు.

మన రాష్ట్రంలో ఏటా పది లక్షల దగ్గర కాన్పులు. అమెరికా లెక్కే వేసుకున్నా పదిహేడు మంది. మన దగ్గర అంతకంటే ఎక్కువే ఉండాలని నా అనుమానం, ఎందుకో కింద చెప్తాను. కిందటేడాది పుట్టిన ఆ పదిహేడు మందిలో ఎంతమంది పేర్లు మీ శాఖ దగ్గర ఉన్నాయి?

'మాకు ఇంకా పెద్ద సమస్యలున్నాయి, నెలలు నిండని కాన్పులున్నాయి, తల్లులకి రక్తం లేదు' అంటారని తెలుసు. అన్నీ నిజమే. వాటి డబ్బు తీసి దీనికి పెట్టమని అడగడం లేదు. కానీ చేతకాని పని అని మాత్రం అనకండి. నవజాత శిశువుల రక్తం కార్డు మీద తీసి పరీక్షించే పని దేశంలో మొదట్లోనే మొదలైన చోట్లలో మన కర్ణాటక ఒకటి. 1980లో బెంగళూరు శాస్త్రవేత్తలు అమైనో ఆమ్లాల జబ్బుల కోసం మొదలుపెట్టి లక్షా పన్నెండు వేల మంది పైచిలుకు బిడ్డల్ని చూశారు. నలభై అయిదేండ్ల కిందట, ఫోన్ లైను దొరకడమే కష్టమైన రోజుల్లో. ఇప్పుడు మన దగ్గర నూటికి 97 కాన్పులు ఆస్పత్రుల్లోనే అని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్తోంది. మడమ దొరకని బిడ్డ లేదు. కోవిడ్ రోజుల్లో జిల్లా జిల్లాకీ ఆర్‌టీపీసీఆర్ ల్యాబులు పెట్టారు. ట్రెక్ పరీక్ష నడిచేది ఆ జాతి మిషన్ మీదే. కిట్టు వేరే కావాలి, కార్డులోంచి రక్తం తీసే పద్ధతి నేర్పాలి, అంతే. ఆ మిషన్లలో ఎన్ని ఇప్పుడు గుడ్డ కప్పుకుని కూర్చున్నాయో మీకే బాగా తెలుసు.

ముందు ప్రభుత్వం చేతిలో ఉన్న పెద్ద ప్రసూతి ఆస్పత్రులు రెండు మూడు తీసుకోండి. వాణీ విలాస్‌లో మొదలుపెట్టినా చాలు. నెలలు నిండక పుట్టిన పిల్లలకి ఈ పరీక్షలో ఉత్తుత్తినే తక్కువ చూపించడం ఉంది, వాళ్ళకి మళ్ళీ తీయాలి. తల్లిదండ్రులు భయపడతారు. మేం భయపడటానికి సిద్ధం. ఒక వారం భయపడి, 'ఏం లేదు, పొండి' అనిపించుకుని ఇంటికి పోయిన నాన్నని చూస్తే నాకు అసూయే. ఇంకో మాట, ఈ పరీక్షకి అన్నీ దొరకవు. టీ కణాలు బాగుండి వేరేచోట లోపమున్న జబ్బులు దీన్ని దాటిపోతాయి. బీ కణాల కోసం ఇట్లాంటిదే క్రెక్ అని ఉంది, ఒకే కార్డు మీద రెండూ కలిపి చూసే కిట్లున్నాయి. అదంతా తర్వాతి సంగతి.

పరీక్ష కంటే కష్టమైన పని ఇంకోటి ఉంది, దాన్ని ఆఫీసులో కూర్చుని ఊహించలేరు. అది పుట్టినింటి సంగతి. మా ఆవిడ పెద్దకాన్పు బెంగళూరులోనే అయింది. పదకొండో రోజు పురుడు కాగానే బిడ్డనెత్తుకుని మడకశిర వెళ్ళిపోయింది. ఐదో నెల వచ్చేదాకా అక్కడే ఉండాలని లెక్క. మా అందరి ఇళ్ళలో ఇదే వరస. అవతల రాయచూరు నుంచి, పాలమూరు నుంచి కట్టడం పనికి వచ్చినవాళ్ళయితే బిల్డింగ్ అయిపోగానే వేరే ఊరు. కార్డు మీద మత్తికెరె అడ్రసు, బిడ్డ ఆంధ్రలో, ఫలితం మీ ఫైల్లో. అందుకని కార్డు మీద ఒక్క నంబరు కాదు, మూడు రాయించండి. నాన్నది, అమ్మమ్మ ఇంటిది, ఊళ్ళో ఆశా కార్యకర్తది. ఫలితం బాగాలేకపోతే మెసేజ్ పెట్టి ఊరుకోకుండా మనిషి ఫోన్ చేయాలి, కన్నడ రాకపోతే తెలుగులో, తమిళంలో, ఉర్దూలో చెప్పగల మనిషి. హిందూపురం ఆస్పత్రికి బెంగళూరు నుంచి ఒక ఫోన్ కాల్ పోవడానికి రెండు రాష్ట్రాల మధ్య ఒప్పందం కావాలంటే అది కూడా రాసుకోండి. కృష్ణా నీళ్ళంత కష్టం కాదు కదా ఇది.

ఇప్పుడు మేనరికం మాట, పైన చెప్పిన నా అనుమానానికి కారణం ఇదే. మా ఆవిడ నాకు మేనమామ కూతురు. మా పత్రిక నేనే కొట్టుకున్నాను. పెండ్లికొడుకు వైపు దౌహిత్రుడు అని, పెండ్లికూతురు వైపు పౌత్రి అని, ఒకే తాత పేరు రెండుసార్లు. అట్లాంటి పత్రికలొస్తే పేరు మళ్ళీ కొట్టే పని లేకుండా కాపీ పేస్టు చేస్తాను. నా చేతిలో పత్రికల్లో అవి తక్కువేం కాదు. సర్వే లెక్కలో కూడా కర్ణాటకలో, ఆంధ్రలో నాలుగో వంతుకు పైగా పెండ్లిళ్ళు రక్తసంబంధంలోనే. ఒక తాత దగ్గర చెడిపోయిన జన్యువు ఒకటి ఉంటే అటు కొడుకు ద్వారా, ఇటు కూతురు ద్వారా వచ్చి మనవడు, మనవరాలు ఇద్దరి దగ్గరా ఒక్కోటి చేరొచ్చు. వాళ్ళకి ఏమీ కాదు. వాళ్ళిద్దరికీ పుట్టే ప్రతి బిడ్డకీ నాలుగింట ఒక వంతు ప్రమాదం. మా ఇంట్లో తేలింది ఐఎల్7ఆర్ అనే జన్యువులో లోపం. అయితే మేనరికం వద్దని చెప్పడానికి నేనీ ఉత్తరం రాయలేదు. అది మా వాళ్ళకి నేను వేరేగా చెప్పుకుంటాను, మీకెందుకు. స్కిడ్‌లో మగపిల్లలకే వచ్చే రకం ఒకటుంది, అది తల్లి ఎక్స్ క్రోమోజోము నుంచి వస్తుంది, దానికి ఏ చుట్టరికమూ అక్కర్లేదు. ఆ ఇంట్లో వరసగా మగబిడ్డలు పోతుంటే కోడలి కడుపు మంచిది కాదంటారు. పరీక్ష వస్తే ఆ మాట అనేవాళ్ళ నోరైనా మూతపడుతుంది.

మా అమ్మ వైపు మగవాళ్ళ పేర్లు వినండి. తిప్పయ్య, పెంటప్ప, పకీరప్ప. ఆడవాళ్ళలో తిప్పమ్మ, పుల్లమ్మ. పుట్టిన పిల్లలు దక్కని ఇంట్లో బిడ్డ పుడితే చాటలో వేసి, తిప్ప మీద, అంటే చెత్తకుప్ప మీద పడుకోబెట్టి, మళ్ళీ 'దొరికిన బిడ్డ'గా ఎత్తుకొచ్చి ఇట్లాంటి పేరు పెడతారు, యముడికి కూడా అసహ్యం పుట్టాలని. నేను ఈ పేర్లు చిన్నప్పుడు నవ్వుకుంటూ విన్నాను. ఇప్పుడు తెలుస్తోంది, మా వంశానికి ఉన్న మెడికల్ రికార్డు అదే. ఒక్కో తిప్పయ్య వెనక పేరు పెట్టకముందే పోయిన ఇద్దరో ముగ్గురో ఉన్నారు. మా అవ్వని అడిగితే వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పింది, ఏ నెలలో పోయారో కూడా. నాలుగు, ఐదు, ఆరో నెల. మా పాప పుట్టిన రోజు ఆస్పత్రిలో ఎవరైనా ఆమెని అడిగి ఉంటే అప్పుడే చెప్పేది. ఎవరూ అడగలేదు. మాకు బీపీ, షుగరు ఉన్నాయా అని మాత్రం అడిగారు.

అందుకే, ట్రెక్ పరీక్ష పెట్టడానికి మీకు రెండేండ్లు పడుతుందో ఐదేండ్లు పడుతుందో, అంతదాకా కడుపుతో ఉన్నవాళ్ళకి మీరిచ్చే తాయి కార్డులో ఒక్క ప్రశ్న చేర్చండి. "మీ ఇంట్లో గాని, తల్లి పుట్టింట్లో గాని, ఏడాది లోపు జబ్బు చేసి పోయిన బిడ్డలున్నారా?" ఉన్నారంటే ఆ బిడ్డకి బీసీజీ, పోలియో చుక్కలు ఆపి ముందు రక్తం చూడాలి. రక్తకణాలు లెక్కపెట్టే మామూలు పరీక్ష, సీబీసీ చాలు, లింఫోసైట్ల లెక్క వేసుకోవడమే. బిడ్డలందరికీ బీసీజీ ఆపమని నేను అనడం లేదు. ఇంగ్లండులో 2021లో ఈ పరీక్ష మొదలుపెట్టినప్పుడు ఫలితం వచ్చేదాకా ఆగడానికి బీసీజీని 28 రోజుల తర్వాతికి జరిపారు. అక్కడ టీబీ తక్కువ, జరపగలిగారు. మన దగ్గర టీబీ ఇంటింటి పక్కనా ఉంది, పసిబిడ్డలకి మెదడు టీబీ రాకుండా కాస్తున్నది ఆ టీకానే. దాన్ని కదిలించేది మీరూ పెద్ద డాక్టర్లూ కూర్చుని తేల్చాల్సిన విషయం. ప్రశ్న అడగడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ల్యాబుల యజమానులకి చెప్పేది ఇంకా చిన్నది. మీ సాఫ్ట్‌వేర్‌లో పేషెంటు వయసు రాస్తున్నారు కదా. ఆ వయసుని బట్టి పక్కన కొలత మారేలా పెట్టించండి. పెద్ద ల్యాబులు కొన్ని ఇప్పటికే పెట్టాయి. సందుకొకటి ఉన్న చిన్న ల్యాబులు పెట్టలేదు, పేదవాళ్ళ బిడ్డల రక్తం ముందు చేరేది అక్కడికే. శాతం ఒక్కటే కాకుండా లింఫోసైట్ల అసలు లెక్క కూడా వేయండి. ఏడాది లోపు బిడ్డకి అది మూడు వేల లోపుంటే బోల్డులో పడాలి. శాఖవారు దీనికి ఒక సర్క్యులర్ ఇస్తే చాలు, ఒక్క రూపాయి ఖర్చు లేదు. ఫారాలు అచ్చేసేది మాలాంటి వాళ్ళమే. ఒక పేజీ కాగితం మీద పిల్లల కొలతలు వేసి మాకు ఇస్తే పాత బ్లాకులు మేమే తీసి పారేస్తాం.

మా రెండోవాడి గురించి అడుగుతారు. 2019లో మా ఆవిడకి ఏడో నెల ఉండగా ఆ డాక్టరమ్మ మొదటి బిడ్డ కాగితాలు తెమ్మంది. రేకుపెట్టెలో, పెండ్లి చీర కింద దాచి పెట్టుకుంది మా ఆవిడ. ముందే చెప్పాను, ఆ డాక్టరమ్మే గుణించి చూసి చెప్పింది. వాడు పుట్టగానే బొడ్డుతాడు రక్తం పరీక్షకి పోయింది, టీకాలు ఆగాయి, నాలుగో రోజుకే ఫలితం వచ్చింది. వాడికీ టీ కణాలు లేవు. ఇంట్లో ఒక గదికి ప్లాస్టిక్ తెర కట్టాం. చుట్టాలెవరినీ రానివ్వలేదు, ఇన్ఫెక్షన్ రాకుండా సెప్ట్రాన్ సిరప్ రోజూ. మూడో నెలలో నా మజ్జలోంచి తీసిన మూలకణాలు వాడికి ఎక్కించారు. నాన్నది సగమే కలుస్తుంది, అయినా పట్టింది. హిందూపురం దగ్గరున్న సైటు పోయింది, రెండు చీటీలు పోయాయి, మా షాపు యజమాని ఇచ్చిన అప్పు ఇంకా తీరుతోంది. అప్పటికి అరుదైన జబ్బుల పాలసీ అమల్లో లేదు. ఇప్పటిది 2021లో వచ్చింది, మూలకణ మార్పిడితో నయమయ్యే జబ్బుల జాబితాలో స్కిడ్ మొదటి గుంపులోనే ఉంది, ఇప్పుడు యాభై లక్షల దాకా సాయం ఉంది. దానికి గుర్తించిన కేంద్రాల్లో ఒకటి మన బెంగళూరులోనే, సెంటర్ ఫర్ హ్యూమన్ జెనెటిక్స్‌తో కలిపి ఇందిరాగాంధీ పిల్లల ఆస్పత్రి. అంటే డబ్బు దారి ఉంది, డాక్టర్లున్నారు, మంచం కూడా ఉంది. ఆ మంచం దాకా బిడ్డని మూడు నెలల లోపు చేర్చే దారే లేదు.

అమెరికాలో డేవిడ్ వెటర్ అనే అబ్బాయి ఉండేవాడు. 1971లో పుట్టి, ప్లాస్టిక్ బుడగలోనే పన్నెండేండ్లు బతికి 1984లో పోయాడు. వాడిని పుట్టిన క్షణంలోనే బుడగలో ఎందుకు పెట్టగలిగారంటే, వాడి అన్న అంతకు ముందే ఏడో నెలలో ఇదే జబ్బుతో పోయాడు. ఆ అన్న గురించి ఎవరూ మాట్లాడరు. మా చిన్నోడు బతికిందీ అట్లాగే. యాభై ఏండ్లు గడిచినా మన దగ్గర ఇంకా స్కిడ్‌కి ఉన్న పరీక్ష అదొక్కటే, పెద్దబిడ్డ. ఆ పెద్దబిడ్డ పేరు మీద సీబీసీ కాగితం దాచుకున్న తల్లి ఉండాలి, దాన్ని అడిగే డాక్టరు దొరకాలి. అన్నీ కలిస్తేనే రెండోది దక్కుతుంది.

వాడికిప్పుడు ఆరేండ్లు. ఒకటో క్లాసు. మేం పెట్టిన పేరు వేరే ఉంది గానీ మా అమ్మ తిప్పడు అనే పిలుస్తుంది, వాడు పలుకుతాడు కూడా.

తాయి కార్డులో ఆ ప్రశ్నకి ఒక గీత చోటు కావాలి. కార్డు నమూనా చూశాను, మూడో పేజీ కింద జాగా ఉంది. కన్నడ, తెలుగు, తమిళం, ఉర్దూ నాలుగింట్లో ఆ ఒక్క వాక్యం నేను కంపోజ్ చేసి పెట్టాను, ఉర్దూ ప్రూఫు మాత్రం కాటన్‌పేటలో తెలిసినాయన చేత చూపించాను. రిజిస్టర్ పోస్టులో పంపిన కవరులో సీడీ కూడా పెట్టాను. సీడీలు ఎవరూ వాడటం లేదని మా అన్నకొడుకు అన్నాడు. పెన్‌డ్రైవ్ కావాలంటే నేనే తెచ్చిస్తాను. ఆదివారం తప్ప ఏ రోజైనా పొద్దున పది లోపు వస్తాను, పది తర్వాత షాపు తెరవాలి.

ఇట్లు,
మత్తికెరె నుంచి,
సుల్తాన్‌పేటలో పెండ్లి పత్రికలు కొట్టేవాడు